వాడకట్టు బాగుచేసుకోవడం ఎలా: ఒక పని, ఏడుగురు మనుషులు, ఒక లెక్కల పుస్తకం

"సమాజం మారాలి" అనే మాట హన్మకొండ చౌరస్తాలో ఏ చాయ్ బండి దగ్గర నిలబడ్డా వినిపిస్తుంది. ఎవరు మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మాత్రం చాయ్ అయిపోయేలోగా తేలదు. మీ గల్లీలో మోరీ (మురికి కాలువ) పొంగుతోందా, వీధి లైటు వెలగడం లేదా, చెరువు కట్ట మీద చెత్త పోస్తున్నారా, అంగన్‌వాడీకి పోయే తోవంతా బురదా? ఇట్లాంటి పని ఒక్కటి పట్టుకుని, చుట్టుపక్కలవాళ్లతో కలిసి, మధ్యలో వదిలేయకుండా చివరిదాకా ఎట్లా తీసుకుపోవాలో ఇక్కడ వరుసగా చెప్తాను. పట్నమైనా పల్లెయినా పద్ధతి దాదాపు ఒకటే. తేడా ఉన్నచోట విడిగా రాస్తాను.

దీనికోసం ఉద్యోగం మానక్కర్లేదు, ఇల్లు పట్టించుకోకుండా తిరగక్కర్లేదు. వారానికి ఒక పూట చాలు. అంతకంటే ఎక్కువ ఇస్తానని మొదటి నెలలోనే మాట ఇచ్చేవాళ్లు మూడో నెలకు కనిపించరు.

మొదట తిరగండి, తర్వాత ఎంచుకోండి

ఒక ఆదివారం పొద్దున ఆరింటికి ఒకసారి, అదే రోజు రాత్రి ఎనిమిది దాటాక ఇంకోసారి వాడకట్టు మొత్తం నడవండి. పొద్దున చెత్త, మోరీ, నల్లా నీళ్ల సంగతి తెలుస్తుంది. రాత్రి చీకటి, కుక్కలు, ఖాళీ ప్లాట్లలో సీసాలు పెట్టుకుని కూర్చున్న పోరగాళ్లు కనిపిస్తారు. చేతిలో ఒక కాగితం ఉంచుకుని కనిపించిన ప్రతి ఇబ్బందినీ చోటుతో సహా రాయండి. "లైట్లు లేవు" అని రాసుకుంటే ఎందుకూ పనికిరాదు. "కిరాణం షాపు మూల మీది స్తంభం, దాని నంబరు ఇది, లైటు కాలిపోయింది" అని రాసుకుంటే రేపు దరఖాస్తులో అదే వాక్యం పెట్టుకోవచ్చు.

దారిలో కనిపించిన ఆడవాళ్లను ఆపి అడగండి. నీళ్లు ఏ పూట వస్తాయో, ఏ మూల దాటేటప్పుడు భయమేస్తుందో, చెత్త బండి ఎన్ని రోజులకోసారి వస్తుందో మగవాళ్లకంటే వాళ్లకే బాగా తెలుసు. పెన్షన్ తెచ్చుకునే ముసలివాళ్లను, స్కూలుకు నడిచిపోయే పిల్లలను కూడా అడగండి.

కాగితం మీద పదిహేనో ఇరవయ్యో సమస్యలు తేలతాయి. అందులోంచి ఒక్కటే తీసుకోవాలి. ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సిన సంగతులు ఇవి: మూడు నెలల్లో అయిపోవాలి. అయినట్టు అందరికీ కంటికి కనబడాలి. ఖర్చు వాడకట్టు భరించగలిగినంతే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పని వల్ల ఏ ఒక్క ఇల్లూ నష్టపోకూడదు. వైకుంఠధామానికి (శ్మశానానికి) పోయే దారిలో సర్కారు తుమ్మలు కొట్టేయడం, బస్టాపు దగ్గర కూర్చోవడానికి గద్దె, బడి గోడ పక్కన చెత్త కుప్ప ఎత్తేసి మళ్లీ పడకుండా చూడడం లాంటివి మొదటి పనికి బాగుంటాయి.

బెల్టు షాపు మూయించడం, శిఖం భూమి (చెరువు లోపలి భూమి) కబ్జా విడిపించడం, గుడి జాగా తగాదా తీర్చడం మొదటి పనిగా పెట్టుకోకండి. అవి ముఖ్యం కాదని నా ఉద్దేశం కాదు. వాటిని ముట్టుకుంటే ఎదురు వచ్చేవాళ్లు బలంగా ఉంటారు, మీ వెనక మాత్రం ఇంకా ఎవరూ ఉండరు. చిన్న పనులు రెండు మూడు చేసి పేరు తెచ్చుకున్నాక వాటి జోలికి పోవచ్చు.

చిన్నదానితో మొదలుపెడితే ఎక్కడిదాకా పోవచ్చో జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనబావిని చూస్తే తెలుస్తుంది. ఈ సంగతి జరిగిన రోజుల్లో అది వరంగల్ జిల్లాలోనే ఉండేది. అక్కడి రైతులు మొదటిరోజే "మందులు మానేద్దాం" అనుకోలేదు. ఆముదం చేనును ఎర్ర గొంగళి పురుగు తినేస్తుంటే, దాని సంగతి చూద్దామని మొదలుపెట్టారు. తొలకరి పడగానే రెక్కల పురుగులు భూమిలోంచి బయటికొస్తాయి. ఆ రోజుల్లో చేల దగ్గర రాత్రిపూట మంటలు పెడితే వెలుగుకు వచ్చి పడి చస్తాయి. కిటుకంతా అందరూ ఒకేసారి పెట్టడంలో ఉంది. ఒక్కరు పెట్టి పక్కవాళ్లు పెట్టకపోతే పురుగు పక్క చేనులోంచి మళ్లీ వస్తుంది. ఒక పురుగు మీద కలిసి పనిచేయడం అలవాటైనాక తర్వాతి పంటలకు, తర్వాతి పురుగులకు పోయారు. 2006 నాటికి ఊరంతా పురుగుమందులు, రసాయన ఎరువులు మానేసింది.

ఏడుగురిని పోగుచేయండి

ఏడుగురే ఎందుకంటే, సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం సంఘం రిజిస్టర్ చేయించాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మొదట్లోనే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ రేపు అవసరమైతే మళ్లీ మనుషులను వెతుక్కునే పని తప్పుతుంది. ఏడుగురిలో ఇద్దరు ఏ పెళ్లికో పోయినా పని ఆగదు. ఇరవై మందిని పోగుచేస్తే ఎవరికి వారు మిగతావాళ్లు చూసుకుంటారులే అనుకుంటారు.

ఎవరిని పిలవాలి? రిటైరైన పంతులు సారో, బ్యాంకులో పనిచేసిన ఆయనో ఒకరు ఉంటే లెక్క నిలబడుతుంది. మహిళా సంఘంలో లీడరుగా చేసిన అక్క తప్పనిసరిగా ఉండాలి. సంఘం ఆడవాళ్లకు నెలనెలా మీటింగు పెట్టుకోవడం, పుస్తకం రాసుకోవడం, కిస్తీ కట్టనివాళ్లను గొడవ లేకుండా అడగడం ఏళ్లనుంచీ అలవాటు. ఆ అనుభవం వాడకట్టులో ఏ నాయకుడికీ ఉండదు. ఫోటోలు తీసి, దరఖాస్తులు టైప్ చేసి పెట్టే డిగ్రీ పోరడో పిల్లో ఒకరు. మేస్త్రీ, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ లాంటి చేతి పని తెలిసినవాళ్లు ఒకరైనా ఉండాలి. ఏ పనికి ఎంత సిమెంటు పడుతుందో వాళ్లు చెప్తేనే నమ్మొచ్చు. మిగతా వాళ్లు ఎవరైనా ఫర్వాలేదు గానీ, ఏడుగురూ ఒకే కులంవాళ్లో ఒకే పార్టీవాళ్లో అయితే మాత్రం మొదటి రోజే అది వాళ్ల సంఘం అయిపోతుంది, వాడకట్టు సంఘం కాదు.

పిలిచే పద్ధతి కూడా ఉంది. "మా కమిటీలో ఉండండి" అని అడిగితే అందరూ సరే అంటారు, ఎవరూ రారు. ఇంటికి పోయి కూర్చుని ఫలానా పని అడగాలి. "సార్, నెలకోసారి జమా ఖర్చు చూసి సంతకం పెట్టాలి, ఇంకేం చేయక్కర్లేదు" అంటే ఆయన ఎంత సమయం ఇవ్వాలో ఆయనకు తెలుస్తుంది. "అక్కా, మన లైనులో ఇరవై ఇండ్లకు కబురు మీరే చెప్పాలి" అంటే ఆమెకు తన పని ఏదో తెలుస్తుంది.

పని పంచుకోవడం అంటే ఏమిటో చూడాలంటే నర్సంపేట రోడ్డులో గీసుకొండ మండలం గంగదేవిపల్లికి పోండి. పారిశుధ్యంలో ముందున్న ఊళ్లకు కేంద్రం ఇచ్చే నిర్మల్ గ్రామ పురస్కారం ఆ ఊరికి 2007లో వచ్చింది. దేశం నలుమూలల నుంచి ఇప్పటికీ జనం చూడడానికి వస్తుంటారు. అక్కడ పెద్ద భవనాలేమీ లేవు. తాగునీటికి ఒక కమిటీ, పారిశుధ్యానికి ఒకటి, చదువుకు ఒకటి, మద్యం రాకుండా చూసుకోవడానికి ఒకటి, చివరికి కేబుల్ టీవీకి కూడా ఒక కమిటీ. ఊళ్లో చాలా ఇండ్లనుంచి ఎవరో ఒకరు ఏదో ఒక కమిటీలో ఉంటారు. సర్పంచ్ ఒక్కడే ఊరిని మోయాల్సిన పని ఉండదు, సర్పంచ్ మారితే పని కూలిపోదు. ఇంటి పన్ను వంద శాతం కట్టే ఊరుగా కూడా దానికి పేరుంది. పన్ను సంగతికి మళ్లీ వస్తాను.

వాట్సాప్ గ్రూపు గురించి ఒక మాట. పెట్టుకోండి, తప్పదు. కానీ అందులో పని ఫోటోలు, మీటింగు కబురు, లెక్క తప్ప ఇంకేదీ పెట్టొద్దని మొదటిరోజే చెప్పండి. శుభోదయం పువ్వులూ పార్టీ వీడియోలూ మొదలైతే అసలు కబురు వాటి కింద పడిపోతుంది. మీటింగుకు మాత్రం మనుషులు కూర్చోవాలి. నెలలో ఫలానా ఆదివారం, ఫలానా వేపచెట్టు కింద అని ఒకసారి పెట్టుకుంటే మార్చకండి. ముగ్గురే వచ్చినా కూర్చుని, ఏం మాట్లాడారో రాసి లేవండి.

డబ్బు ముట్టుకునే ముందు పుస్తకం కొనండి

ఇట్లాంటి ప్రయత్నాలు పాడయ్యేది నూటికి తొంభై సార్లు డబ్బు దగ్గరే. అక్కడ దొంగతనం జరగక్కర్లేదు, అనుమానం వస్తే చాలు. అందుకే ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి.

రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు కొనండి. ప్రతి పేజీకి ముందే నంబరు వేయండి, పేజీ చింపితే తెలిసిపోవాలి. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. వంద రూపాయలు ఇచ్చినా పేరు, తేదీ, సంతకం. రసీదు పుస్తకం స్టేషనరీ షాపులో దొరుకుతుంది, అది కూడా వాడండి. ఏదైనా కొనడానికి ఎప్పుడూ ఇద్దరు పోవాలి, బిల్లు తెచ్చి పుస్తకంలో అంటించాలి. బిల్లు ఇవ్వని చోట, ఉదాహరణకు మట్టి పనికి కూలి ఇచ్చినప్పుడు, తీసుకున్నవాళ్ల సంతకమో వేలిముద్రో ఉండాలి. లెక్క రాసేవాళ్లు, డబ్బు ఉంచుకునేవాళ్లు ఒక్కరే కాకూడదు.

ఫోన్ పే, గూగుల్ పే ఎవరి సొంత ఖాతాకు వేస్తారు అన్నది ఈ రోజుల్లో పెద్ద తలనొప్పి. ఆయన జీతం, ఆయన కిరాణం ఖర్చు, మీ చందా అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోతాయి. ఇద్దరి పేర్ల మీద, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు వచ్చేటట్టు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరిచి, దానికే వేయించండి. అంతకంటే సులువు ఇంకొకటుంది, నాకు అదే ఇష్టం. చిన్న పనికి చందా పోగుచేయడమే మానేయండి. "సిమెంటు పది బస్తాలు కావాలి, ఎవరిస్తారు?" అని అడగండి. ఇచ్చేవాళ్లు షాపుకు పోయి వాళ్లే కట్టేస్తారు. ఒకరు ట్రాక్టర్ ఒక ట్రిప్పు, ఇంకొకరు జేసీబీ రెండు గంటలు, మరొకరు ఒక రోజు కూలి. డబ్బు మీ చేతికి రాకుండానే పని అవుతుంది. వాటికీ పుస్తకంలో చోటు ఉండాలి. ఒక రోజు శ్రమ చేసిన ముసలాయన పేరు ఐదు వేలు ఇచ్చిన కాంట్రాక్టర్ పేరు పక్కనే ఉండాలి.

నెల చివర జమా ఖర్చును ఒక చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి, అందరూ పోయే చోట గోడకు అంటించండి. ఇచ్చినవాళ్ల పేర్లు రాయండి. ఇవ్వనివాళ్ల జాబితా మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఆ నెల వాళ్ల ఇంట్లో ఏ దవాఖానా ఖర్చు వచ్చిందో మీకు తెలియదు.

డబ్బు విషయంలో పద్ధతి నిలబడితే అది తరాలు నడుస్తుందని మన హన్మకొండ జిల్లాలోనే కనిపిస్తుంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూర్‌లో రైతుల సహకార సంఘం 1956లో పుట్టింది. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన ఆ సంఘం సభ్యులకు అప్పు ఇస్తుంది, విత్తనం, ఎరువు ఇస్తుంది, పండిన పంట అమ్మి పెడుతుంది. తీసుకున్న అప్పు తిరిగి కట్టడం అక్కడ అలవాటుగా మారింది. ఆ అలవాటు లేక ఎన్నో సహకార సంఘాలు మూతపడ్డ రోజుల్లో ఇది నిలబడింది. అదే ఊళ్లో 2002లో మహిళలు పాల డైరీ పెట్టుకున్నారు. వాళ్ల స్వకృషి పాల ప్యాకెట్ మీ ఇంటికి కూడా వస్తుండొచ్చు. వీలైతే ఒక రోజు అక్కడికి పోయి వాళ్లు పుస్తకాలు ఎట్లా రాస్తారో చూసి రండి.

ఆఫీసుకు పోయేటప్పుడు

ఒక తేడా ముందే తెలుసుకోండి. మోరీ కట్టడం, రోడ్డు వేయడం, లైటు మార్చడం మీరు కట్టే పన్నుతో జరగాల్సిన పనులు. వాటికి మీరు చందాలు వేసుకుంటే ఆఫీసువాళ్లకు హాయిగా ఉంటుంది, మీకు రెండుసార్లు ఖర్చవుతుంది. మోరీలో ప్లాస్టిక్ పడకుండా చూడడం, నాటిన మొక్క బతికించడం, చెత్త కుప్ప మళ్లీ పడకుండా కాపలా కాయడం మాత్రం మీరు చేస్తేనే జరుగుతాయి. ఏది అడగాలి, ఏది చేసుకోవాలి అని రెండు వరుసలు రాసుకుని బయల్దేరండి. పోయేముందు ఆ గల్లీలో ఇంటి పన్ను ఎంతమంది కట్టారో కనుక్కోండి. కట్టినవాళ్ల రసీదుల జిరాక్సులు జత చేసిన దరఖాస్తును పక్కన పెట్టడం అంత సులువు కాదు. గంగదేవిపల్లి మాటకు ఆఫీసుల్లో అంత బరువు రావడానికి ఇది కూడా ఒక కారణం అనుకుంటాను.

దరఖాస్తు ఒక పేజీ దాటొద్దు. ఊరి చరిత్ర, నాయకుల పొగడ్తలు వద్దు. ఇట్లా రాస్తే చాలు:

"విషయం: ఫలానా కాలనీ, ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు మోరీ పూడిక తీయించడం గురించి.
అయ్యా/అమ్మా, పై చోట మోరీ నిండి నీళ్లు రోడ్డు మీదికి వస్తున్నాయి. దీనివల్ల ఇన్ని ఇండ్లకు, ఒక అంగన్‌వాడీకి ఇబ్బందిగా ఉంది. ఫోటోలు జత చేశాం. వానాకాలం మొదలయ్యేలోపు పూడిక తీయించాలని కోరుతున్నాం. సంతకాలు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు."

రెండు కాపీలు తీసుకుపోండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇవ్వనట్టే లెక్క. "మీరు పోండి, మేం చూసుకుంటాం" అన్నా నవ్వుతూ నిలబడి ముద్ర వేయించుకునే రండి.

ఎక్కడ ఇవ్వాలన్నది కూడా మనవాళ్లను తికమక పెడుతుంది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా పేర్లు మారాయి. నగర పాలక సంస్థ మాత్రం రెండు జిల్లాల్లోనూ ఉంది, మొత్తం 66 డివిజన్లు. కాబట్టి ఖిలా వరంగల్ ఆయన ఒక కలెక్టరేటుకు, కాజీపేట ఆయన ఇంకో కలెక్టరేటుకు పోవాలి. మున్సిపల్ పనికి మాత్రం ఇద్దరూ ఒకే ఆఫీసుకు. ముందు మీ డివిజన్ నంబరు, శానిటరీ జవాన్ ఫోన్ నంబరు సంపాదించండి. చెత్త, మోరీ పనుల్లో సగం ఆ జవానుతోనే తేలిపోతాయి. ఆయనకు ఒక చాయ్ ఇచ్చి మర్యాదగా మాట్లాడండి, ఆయన కింద పనిచేసే సఫాయి కార్మికులకు కూడా. తేలనివాటికి సోమవారం కలెక్టరేటులో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంది.

పల్లెలో గ్రామసభే అసలు చోటు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామసభ పెట్టాలి. ఇది చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా పోరు. తర్వాత ఊళ్లో ఏమీ జరగడం లేదని అంటారు. సభకు ముందురోజే పంచాయతీ కార్యదర్శిని కలిసి మీ విషయం ఎజెండాలో రాయించండి. సభలో మీ తరఫున మాట్లాడేవాళ్లు ఒక్కరే ఉండాలి, రెండు నిమిషాలు మించొద్దు. తీర్మానం రిజిస్టర్‌లో రాశాక చదివి వినిపించమని అడగండి. మాట్లాడినదానికి, రాసినదానికి తేడా వచ్చేది అక్కడే. రాసిన పేజీ ఫోటో తీసుకోండి.

నెలలు గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నుంచీ ఉన్నా మన దగ్గర దాన్ని కోపం వచ్చినప్పుడు వాడే కర్రలా చూస్తారు. అట్లా వాడకండి. గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కాపీలకు పేజీకి 2 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులోని పై అధికారికి మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

ప్రశ్నలో "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. కాగితం అడగాలి. "ఫలానా తేదీన మేం ఇచ్చిన దరఖాస్తు మీద తీసుకున్న చర్యల ఫైలు కాపీ", "ఈ పనికి మంజూరైన మొత్తం, ఎస్టిమేటు, మెజర్‌మెంట్ బుక్కులో ఈ పని పేజీల కాపీలు" అని రాయండి. మెజర్‌మెంట్ బుక్కు అడిగితే ఏ రోడ్డు ఎంత పొడవు, ఎంత మందం వేశామని రాసుకున్నారో బయటపడుతుంది. మీరు టేపు పట్టుకుని కొలుచుకోవచ్చు.

ఇంటి చెత్త

పక్కింటివాళ్లకు చెప్పేముందు మన ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరు కావాలి. వరంగల్‌కు ఇది కొత్త కాదు. 2012 అక్టోబరులో ఇక్కడ క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు ఇంటింటికీ రెండు బుట్టల పద్ధతి వచ్చింది, వేరే ఊళ్ల మున్సిపాలిటీలవాళ్లు నేర్చుకోవడానికి వచ్చారు. తర్వాత మనమే మెల్లగా మర్చిపోయాం.

ఇంట్లో ఎరువు చేసుకోవడానికి పాత బకెట్టు ఒకటి చాలు. అడుగున, పక్కల చిన్న రంధ్రాలు పెట్టండి. అడుగున గుప్పెడు ఎండుటాకులు, మీద కూరగాయల తొక్కలు, మళ్లీ ఎండుటాకులు. రోజూ ఇట్లాగే. మొదట్లో ఒక గ్లాసు పుల్ల మజ్జిగ చల్లితే తొందరగా కుళ్లుతుంది. బొక్కలు (ఎముకలు), చేప ముళ్లు, నూనె కూర వేయకండి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైంది, ఎండుటాకులు వేయండి. మరీ ఎండిపోతే కాసిన్ని నీళ్లు చిలకరించండి. రెండు నెలలకు నల్లటి మట్టి వాసన వచ్చే ఎరువు తయారవుతుంది. గల్లీలో పది ఇండ్లు ఇట్లా చేస్తే కుక్కలు చెత్త సంచులు లాక్కుపోవడం తగ్గుతుంది, ఆ తేడా ఎవరూ చెప్పకుండానే కనిపిస్తుంది.

పండుగలకు, దావత్‌లకు వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్ల సంగతి కూడా సంఘం చూసుకోవచ్చు. వంద స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొని పెట్టుకుని, ఫంక్షన్ ఉన్నవాళ్లకు చిన్న అద్దెకు ఇవ్వండి. కడిగి ఇవ్వాలని షరతు. కొన్ని పోతాయి, ఆ సంగతి ముందే అనుకోవాలి.

వాన రాకముందు నీళ్ల దారి చూడండి

2023 జులై చివరి వారం మన దగ్గర ఎవరూ మర్చిపోలేరు. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి అనే ఊరు వాగు నీళ్లలో మునిగింది. వరంగల్‌లో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అంత వాన పడితే ఎవరూ ఏమీ చేయలేరన్నది కొంతవరకు నిజమే. కానీ మామూలు వానకు కూడా మునిగే చోట్ల తప్పు వానది కాదు.

కాకతీయుల కాలం నుంచి మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే కట్టడం) దూకి కింది చెరువుకు పోవాలి. ఆ మధ్యలో ఉన్న నాలా మీద ప్లాటు పడితే, నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ ఇండ్లలోకే వస్తాయి. కాబట్టి మే నెలలో ఒక రోజు మీ ఏడుగురూ కలిసి చెరువు దగ్గరికి పోయి నాలుగు చూడండి: తూము తెరుచుకుంటోందా, మత్తడి ముందు చెట్లు, మట్టి అడ్డం ఉన్నాయా, కట్ట మీద ఎక్కడైనా బొరియలో కుంగిన చోటో ఉందా, మత్తడి నీళ్లు పోయే కాలువ కింది చెరువుదాకా తెరిచి ఉందా. ఊళ్లో చెరువు నీళ్లు పొలాలకు వదిలే పాత నీరటికాయన ఉంటే వెంట తీసుకుపోండి. ఏ కాలువ ఎక్కడ మలుపు తిరిగేదో ఆయనకు ఫైళ్లకంటే బాగా గుర్తుంటుంది. ఫోటోలు తీసి, తేదీ వేసి, నీటిపారుదల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) దరఖాస్తు ఇవ్వండి. ఆగస్టులో నీళ్లు వచ్చాక చేసే ధర్నాకంటే మేలో ఇచ్చిన కాగితం వల్ల పని జరిగే అవకాశం ఎక్కువ.

వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడిక మట్టి పొలాలకు తోలుకోవడం 2015లో మొదలైన చెరువుల బాగుచేత పథకం మిషన్ కాకతీయ రోజుల్లో చాలా ఊళ్లు చేశాయి. తోలే ఖర్చు రైతుది, తవ్వకం ఖర్చు సర్కారుది. ఇప్పుడు తవ్వాలంటే అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. పూడిక పేరుతో మొరం తరలించుకుపోయేవాళ్లు మీ వెనకే తయారవుతారు, చెడ్డ పేరు మీకు వస్తుంది.

ఇల్లు కొనబోయే చుట్టాలెవరైనా ఉంటే ఒక మాట చెప్పండి. ప్లాటు చూడడానికి ఎండాకాలం పోవద్దు. పెద్ద వాన పడిన మర్నాడు పొమ్మనండి.

సంఘం సర్కారు కాదు

నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. బడులకు గదులు, ఊరికి నీళ్లు, గుళ్లు, రోడ్లు వాటి చేతిమీదుగా చాలా అయ్యాయి. చందా పోగుచేసి ఊరి పని ఊరే చేసుకునే ఆ శక్తిని చూసి నేర్చుకోవాలి. అవే కమిటీల్లో కొన్ని మాట వినని కుటుంబానికి జరిమానా వేయడం, కిరాణం ఇవ్వొద్దని, పనికి పిలవొద్దని చాటింపు వేయించడం, బెల్టు షాపులు వేలం వేసి ఆ డబ్బుతోనే ఊరిని అభివృద్ధి చేస్తున్నామని చెప్పుకోవడం కూడా చేశాయి. వెలివేతలు పోలీసు కేసులదాకా పోయాయి.

కాబట్టి మీ సంఘం పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి: మేం ఎవరికీ జరిమానా వేయం, ఎవరినీ వెలి వేయం, పంచాయితీలు చేయం, భూమి తగాదాల్లో దూరం. చెత్త రోడ్డు మీద పోసేవాళ్లను ఏం చేయాలి మరి? మొదట ఇంటికి పోయి మాట్లాడండి. పెద్దవాళ్లతో చెప్పించండి. అయినా పోస్తే ఫోటో తీసి మున్సిపాలిటీకో పంచాయతీకో ఇవ్వండి, జరిమానా వేసే అధికారం వాళ్లకు ఉంది. ఈ పద్ధతిలో ఆలస్యం అవుతుంది. వెలివేత మాత్రం ఒక్కరోజులో పని చేస్తుంది, అందుకే దాని మీదికి మనసు పోతుంది. అది ఎప్పుడూ పడేది ఆ ఊళ్లో తక్కువ ఇండ్లున్న కులం మీదే, లేకపోతే మగ దిక్కు లేని ఇంటి మీదే.

ఎన్నికలు వచ్చినప్పుడు ఇంకో చిక్కు. అభ్యర్థి వచ్చి "మీ సంఘానికి లక్ష ఇస్తా" అంటాడు. తీసుకుంటే ఆరోజు నుంచి అది ఆయన సంఘం. పద్ధతి ఒకటే: ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఫలితాలదాకా ఎవరి దగ్గరా పైసా తీసుకోం అని గోడ మీది చార్టులోనే రాసేయండి. సభ్యుల్లో ఎవరైనా పోటీ చేస్తే మంచిదే, కానీ ముందు సంఘంలోంచి తప్పుకోవాలి.

మూడు పనులయ్యాక

మొదటి పని మూడు నెలల్లో అయిపోయిందనుకుందాం. వెంటనే రెండోదానికి ఎగబడకండి. నెలరోజులు మొదటిదాన్ని కనిపెట్టుకుని ఉండండి. ఎత్తేసిన చెత్త కుప్ప మళ్లీ పడేది ఆ నెలలోనే. అక్కడ ముగ్గు వేయడం, రెండు పూల కుండీలు పెట్టడం, ఒక బెంచీ వేయడం బాగా పనిచేస్తాయి. మనుషులు కూర్చునే చోట చెత్త పోయడానికి జనానికి చేయి రాదు.

మూడు పనులయ్యాక గ్రంథాలయం సంగతి చూడమని నా సలహా. హన్మకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పుట్టింది. నిజాం పాలనలో, తెలుగు చదువుకే చోటు లేని రోజుల్లో, మనుషులు చందాలు వేసుకుని పుస్తకాల ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఒక గీత ఉంటుంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే మీరు చదివినా చదవకపోయినా లైబ్రరీకి డబ్బు కడుతూనే ఉన్నారు. దగ్గర్లోని శాఖా గ్రంథాలయం ఏ వేళల్లో తెరుస్తారో, పోటీ పరీక్షల పుస్తకాలు ఏ సంవత్సరానివి ఉన్నాయో చూసి రండి. గ్రూప్స్‌కు చదివే పిల్లలను వెంటబెట్టుకుపోయి, కావాల్సిన పుస్తకాల జాబితా రాసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు దరఖాస్తు ఇవ్వండి. దీనికి చందా అక్కర్లేదు, ఎవరితో గొడవా ఉండదు. ఖాళీ ప్లాట్లలో సాయంత్రాలు గడిపే పోరగాళ్లలో ఇద్దరు ముగ్గురైనా అటు తిరుగుతారు.

ఏడాదికోసారి లెక్కలు చూసేవాళ్లను, డబ్బు ఉంచుకునేవాళ్లను తప్పనిసరిగా మార్చండి, వాళ్లెంత మంచివాళ్లయినా సరే. మంచివాళ్లనే పదేళ్లు కూర్చోబెట్టి అలసిపోయేలా చేయడం మన సంఘాలకు ఉన్న పాత జబ్బు. మార్చేటప్పుడు అందరి ముందూ పాత పుస్తకం చదివి వినిపించాలి. బాకీ ఉన్నవి, రావాల్సినవి, చేతిలో ఉన్నవి విడివిడిగా చెప్పాలి. చివరి పేజీలో మిగిలిన మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, అప్పగించినవాళ్లు, తీసుకున్నవాళ్లు ఇద్దరూ సంతకం పెట్టాలి. కొత్త పుస్తకంలో జమ వైపు మొదటి గీత ఆ మొత్తంతోనే మొదలుకావాలి.